వాడి ఎడమకాలు, నా ఎడమకాలు: లూకన్ నుంచి షానన్ దాకా

మా అన్న యాభై ఏళ్ల కింద నా ఎడమకాలిని కట్టేశాడు. బెల్లంపల్లి గని కాలనీ ఫుట్‌బాల్ జట్టుకు తను కెప్టెన్, నేను ఫార్వర్డ్. నాది పుర్ర వాటం. ఎడమకాలితో తంతే నలుగురూ నవ్వుతారు, జట్టుకు దరిద్రం అని నన్ను కుడికాలితోనే ఆడించాడు. ఫైనల్లో పెనాల్టీ కూడా కుడికాలితోనే కొట్టించాడు. బంతి స్తంభానికి తగిలింది. మాట పడింది నేను. అదే మనిషి ఇప్పుడు ఈ పరాయి దేశంలో, నేనూ ఉండే లూకన్‌లో కూతురింట కూర్చుని, క్రొయేషియా స్ట్రైకర్ ఒకాయన ఎడమకాలిని ఫోన్లో చూసి మురుస్తున్నాడు. షానన్‌లో ఉండే క్రొయేషియా వాళ్లు ఆయన ఆట ఫొటోలన్నీ ఒక హాల్లో పెట్టారట, పోదామన్నాడు. ఆ కాలిలో ఏముందో చూద్దామని బయల్దేరాను.

పొద్దున ఆరున్నరకు లూకన్లో బస్సెక్కాం. మనిషికి రెండు యూరోలు. రైలు స్టేషన్‌కు పోతుందా అని అడిగితే డ్రైవరు "గ్రాండ్" అన్నాడు. ఇక్కడ సరే అనడానికి అదే మాట. రైల్లో లిమరిక్‌కు రెండు గంటలు దాటింది, అక్కడి నుంచి షానన్‌కు బస్సులో ముప్పావు గంట. దారి పొడుగునా అన్న ఆ స్ట్రైకర్ గొప్పే చెప్పాడు. పచ్చని పొలాలు చూస్తూ పళ్లు నూరుకున్నాను.

హాలుకు టికెట్ లేదు. సొంతూరి మైదానంలో పిల్లవాడిగా ఆడినప్పటి ఫొటోతో మొదలై, పరదేశపు క్లబ్బులు, కొత్తగా పుట్టిన దేశం గళ్ల చొక్కా, వరల్డ్ కప్ గోల్స్, ఆఖర్న నెరిసిన జుట్టుతో చేయి ఊపడం దాకా వరసగా ఉన్నాయి. ప్రతి ఫొటోలో ఎడమకాలే. ఒక్కడూ వద్దనలేదు కదా వాణ్ని. అన్న అక్కడి పెద్ద ఫొటో పక్కన నిలబడి తనను ఫొటో తీయమన్నాడు. తీశాను, అన్న తల రాకుండా.

ఆ హాల్లోనే వంట చేస్తున్న క్రొయేషియా ఆవిడ క్యాబేజీ ఆకులో మాంసం, అన్నం చుట్టి ఉడికించి పెట్టింది. బాగుంది, కారం మాత్రం సున్నా. మీరూ ఆడేవాళ్లా అని అడిగింది. అన్న నన్ను చూపించి, మంచి రైట్ ఫుట్ అని ఇంగ్లీషులో చెప్పాడు. పళ్లెం పక్కకు నెట్టాను.

బస్సు స్టాపులో అడిగేశాను. "రైట్ ఫుట్ ఏందన్నా? నా ఎడమకాలు నువ్వు సూడలేదా?"

"సూసిన."

"మరెందుకు కొట్టనియ్యలే? ఊరు నవ్వుతదనా?"

అన్న బస్సు కోసం రోడ్డు వైపు మెడ సాచాడు. "నిన్ను ఎడమకాలితోని ఆడనిస్తే కెప్టెన్ ఎవడైతుండెరా?" అన్నాడు. బస్సు వచ్చింది. అన్న ముందు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ కుళ్లుకున్నది నేనొక్కణ్నే అనుకున్నాను. ఆ క్రొయేషియా వాడి మీద కోపం షానన్‌లోనే పోయింది. వాడికి మంచి కాలుంది, అన్న లేడు, అంతే. వెళ్లేవాళ్లకు ఒక మాట: లిమరిక్ జంక్షన్ అంటే లిమరిక్ ఊరు కాదు. పేరు చూసి స్టేషన్ బయటికి నడవకండి, అక్కడ బండి మారాలి.

అన్నా, నీ బిడ్డ ఇది నీకు చదివి వినిపిస్తుందని తెలుసు. బస్సు స్టాపులో అన్నది ఎకసెక్కమా, నిజమా? వచ్చే ఆదివారం ఇద్దరం చర్చి నుంచి ఇంటికి చేరేలోపు నా మొహం చూసి చెప్పు.