చెప్పు నిలవని కాలు

మా నాయన ఎండాకాలంలో కూడా ఫుల్‌హ్యాండ్స్ చొక్కానే వేసేవాడు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఆయనకు పని. సీజన్లో లోపల ఆవిరికి మనిషి ఉడికిపోతాడు. తోటివాళ్ళంతా బనియన్ల మీద పనిచేస్తా ఉంటే, ఆయన మాత్రం మణికట్టు దగ్గర గుండీ కూడా తీసేవాడు కాదు. ఇంట్లోనూ అంతే. అది ఆయన పద్ధతి అనుకున్నానే గానీ, ఎందుకని ఎప్పుడూ ఆలోచించలేదు.

నాకు చిన్నప్పటి నుంచే మోకాళ్ళ చుట్టూ, చేతుల మీద బుడిపెలు లేచినాయి. పైన చర్మం మామూలుగానే ఉండేది, ముట్టుకుంటే లోపల ఎముక తగిలేది. అమ్మ ఏవేవో పసర్లు కట్టింది. ఊళ్ళో డాక్టరు, "పెరిగే వయసమ్మా, అవే పోతాయి" అన్నాడు. అవి పోలేదు. నాతోపాటే పెరిగినాయి. పాదాల దాకా దిగే పావడాలు కట్టుకుని దాచుకునేదాన్ని.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఎడమ మోకాలి కింద, బయటిపక్క ఉన్న బుడిపె పెద్దదైంది. మెల్లమెల్లగా పాదం పైకి లేవడం మానేసింది. నడిస్తే వేళ్ళు నేలకు రాసుకునేవి. కాలికి చెప్పు నిలిచేది కాదు. ఒకరోజు ప్రేయర్లో వార్తలు చదవమని నన్ను పిలిచినారు. ముందుకు పోయి కాగితం విప్పే దాకా, చెప్పు వరస మధ్యలోనే ఉండిపోయిన సంగతి నాకు తెలియలేదు. పాదం తిమ్మిరెక్కి ఉంటే ఎట్లా తెలుస్తుంది? స్కూలంతా నవ్వింది. మధ్యాహ్నం ఒక పిల్ల నా నడక చేసి చూపించింది. అందరితోపాటు నేనూ నవ్వినాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది.

ఆ తర్వాత చెప్పులు తెగిపోయినాయని చెప్పి ఒట్టికాళ్ళతో తిరిగినాను. బొటనవేలి నెత్తురు అమ్మ కంట పడింది.

"ఏం పాపా అది?"

"రాయి తగిలిందిమా."

"రోజూ అదే రాయి తగల్తా ఉండాదా? కాలెత్తు, సూస్తాను."

ఎత్తలేకపోయినాను. మరుసటి రోజే ముగ్గురం తిరుపతి బస్సెక్కినాము.

అక్కడ పెద్దాసుపత్రిలో పెద్ద డాక్టరు చుట్టూ చదువుకునే పిల్ల డాక్టర్లు నిలబడి ఉండారు. పావడా మోకాళ్ళ పైకి ఎత్తమన్నారు. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బుడిపెలు తడిమి చూస్తా ఉంటే, నేను ఫ్యాను వైపు చూస్తా కూర్చున్నాను. మోకాలి కింద బుడిపె నరాన్ని నొక్కేస్తా ఉందనీ, అందుకే పాదం లేవడం లేదనీ పెద్ద డాక్టరు చెప్పినాడు. తర్వాత అడిగినాడు:

"ఇది వంశంలో వచ్చే జబ్బు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

అమ్మ తల వంచుకుంది. నాయన గుండీలు తీయడం మొదలుపెట్టినాడు. ఒకటొకటే తీసి చొక్కా విప్పేసినాడు. నేను ఆయన ఒళ్ళు చూడడం అదే మొదటిసారి. ముంజేయి విల్లు మాదిరి వంగి ఉండాది. పక్కటెముకల మీద, రెక్క మీద నా బుడిపెల లాంటివే, నావాటికంటే పెద్దవి.

"నానుంచే వచ్చింటాది సార్" అన్నాడు.

పిల్ల డాక్టర్లు నన్ను వదిలేసి ఆయన చుట్టూ చేరినారు. చెయ్యెత్తమన్నారు, తిరగమన్నారు. ఆయన చెప్పినట్టల్లా చేసినాడు. నేను గోడవైపు తిరిగిపోయినాను. అంతమందిలో ఆయన నా తండ్రి కాకపోతే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన నన్నే చూస్తా ఉండాడు.

తిరుగు బస్సులో ఆయన మాకు దూరంగా కూర్చోబోతే అమ్మ పిలిచి పక్కన కూర్చోబెట్టింది. పూతలపట్టు దాటినాక, "పెండ్లికి ముందే నీకు చెప్పుండాల్సింది" అన్నాడు ఆమెతో.

"నాకు కండ్లు లేవా? వచ్చిన మొదటి వారమే సూసినాను" అంది అమ్మ. "పిల్లకు వస్తాదని ఇద్దరికీ తెలీదు గదా, అవే పోతాయని ఊరి డాక్టరంటే నమ్మితిమి. తెలిసుంటే ముందే సూపించి ఉందుము."

ఆపరేషన్ చేసి ఆ బుడిపె తీసేసినారు. నరం చాలా రోజులు నలిగిపోయిందనీ, ఇంకా ముందే వచ్చి ఉంటే బాగుండేదనీ డాక్టరు అన్నాడు. పాదం లేచింది గానీ పూర్తిగా లేవలేదు. అలిసిపోతే ఇప్పటికీ కొంచెం ఈడుస్తాను.

ఇప్పుడు నేను శ్రీసిటీలో ఒక కంపెనీలో పనిచేస్తా ఉండాను. ఈమధ్య నన్ను పెండ్లి చేసుకుంటానన్న అబ్బాయికి అంతా చెప్పినాను. పుట్టే బిడ్డకు రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశం ఉందని కూడా. అతను అంతా విన్నాడు. చివరికి, "నొప్పిగా ఉంటుందా?" అని అడిగినాడు.

నాయనను ఆ మాట నేను ఎన్నడూ అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఒళ్ళు చూసి సిగ్గుపడడానికి ఒక్క క్షణం పట్టింది. ఈ మాట అడగడానికి ఇన్నేండ్లు పట్టింది. ఆ సాయంత్రమే ఫోన్ చేసినాను.

"నాయనా, నీకు నొప్పి ఉంటాదా?"

"బరువులెత్తినప్పుడు ఉంటాదిలే" అన్నాడు. "నీకోమ్మా?"

"చలికాలంలో" అన్నాను.

"నాకూ అప్పుడే ఎక్కువ" అన్నాడు.