ఇప్పపూల పట్టణం

ప్రాజెక్టు రివ్యూ సోమవారం. శనివారం దాకా నా పట్టణంలో ఒక్క చెట్టు కూడా లేదు.

ఖమ్మంలో సివిల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నప్పటి మాట ఇది. నగర శివారులో కొత్తగా రాబోయే కాలనీ ఎలా ఉండాలో అట్టతో నమూనా చేసి చూపించాలి. మిగతావాళ్లు స్థలాన్ని చదును చేసి నిలువు, అడ్డం గీతలు గీశారు. నేను ఉన్న చెట్లను ఉన్నచోటే ఉంచి, వీధులను వాటి చుట్టూ తిప్పాను. ఇల్లందు దాటాక అడవి అంచున ఉండే మా ఊరి చేలు అలాగే ఉంటాయి. అడవి కొట్టి చేను చేసుకున్నా ఇప్పచెట్టు జోలికి ఎవరూ పోరు. నాగలి దాని చుట్టూ తిరిగి పోతుంది.

ఇంకో కారణం మా ప్రార్థన మందిరంలో విన్నది. బైబిలు వాక్యం తోటతో మొదలై పట్టణంతో ముగుస్తుంది. ఆ చివరి పట్టణంలోనూ నది ఉంది, దాని ఒడ్డున చెట్టుంది. దేవుడు కట్టే పట్టణంలోనే చెట్టు ఉంటే మనుషులు కట్టేదానిలో ఎందుకు ఉండదని సండే స్కూల్ రోజుల నుంచి అనుకునేదాన్ని. అలాంటి పట్టణాలు గీస్తూ బతకాలని నా ఆశ. ఇంట్లో, హాస్టల్లో అందరూ ఏదో ఒక కోచింగ్‌లో చేరమనేవాళ్లే.

మా గైడ్ సారు ఒక్కరే నా గీతలను శ్రద్ధగా చూశారు. చూసి, "ఆలోచన మంచిగుందమ్మా. గానీ రోడ్డు ఎందుకు వంకర పోయిందో చూసేటోళ్లకు కళ్లకు కనబడాలె. మోడల్ మీద చెట్లు లేకుంటే నేను పాస్ చెయ్య," అన్నారు.

దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ చెట్లన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. కందిపుల్లల కొసలకు ఎండిన ఇప్పపూలు గుత్తులుగా అంటిస్తే నిండుగా పూసిన చెట్టులా ఉంటుందని నాకు తోచింది. పూలు ఏరి ఎండబెట్టమని అమ్మకు ఫోన్ చేశాను. శనివారం నమూనా పెట్టెను ఒళ్లో పెట్టుకుని బస్సులో ఇంటికి చేరాను. సాయంత్రానికి కందిపుల్లలు నాటడం అయిపోయింది. పూలు ఆదివారం ఆరాధన అయ్యాక అంటిద్దామనుకున్నాను.

మా సంఘం సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మా ఊళ్లో ఒక ఇల్లు విశ్వాసంలోకి వస్తే మొదట ఇప్పపూల సారా కాచే కుండను మందిరం ముందు పగలగొట్టేవారు. అప్పటినుంచి విశ్వాసులు ఇప్పపూలు ఏరినా వెంటనే అమ్మేస్తారు, ఇంట్లో నిలవ ఉంచరు. మా సంఘపెద్ద ఒక ముసలామె. అందరికీ పెద్దమ్మే. వాళ్ల ఇంటి కుండే మొదట పగిలిందట.

ఆదివారం పొద్దున పెద్దమ్మ మమ్మల్ని తోడు తీసుకుపోదామని ఇంటికి వచ్చిందట. మేము అప్పటికే మందిరానికి వెళ్లిపోయాం. కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్తే చాట నిండా ఇప్పపూలు కనిపించాయి. ఆమె మరో ఆలోచన చేయలేదు. చాటెత్తి ఎడ్ల కుడితి తొట్టిలో పోసింది.

మాకు ఆ సంగతి ప్రార్థనలో తెలిసింది. పెద్దమ్మ లేచి నిలబడి, కళ్లు మూసుకుని, గొంతెత్తి, "తండ్రీ, ఒక ఇంట్లకు పాత పాపం చాటల కూసోని వచ్చింది. పట్నంల చదివే పిల్లున్న ఇల్లు తండ్రీ! నేనైతే ఎడ్లకు పోసిన. మిగిలింది నువ్వు చూసుకో," అంది.

తలలన్నీ మా వైపు తిరిగాయి. అమ్మ ఆమెన్ దాకా కూడా ఆగలేదు.

"పెద్దమ్మా! అవి దాని పరీచ్చకు!"

"పరీచ్చల సారా కాస్తరా ఏందే?"

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే పట్టణం గురించి, చెట్ల గురించి, సోమవారం గురించి చెప్పాను. ఒకామె పక్కున నవ్వింది. అమ్మ ఇంకా కోపంగానే, "ఇగ మా ఎడ్లు తూలుకుంట పోతయి, నువ్వే పట్టుకో," అంది.

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "అట్లయితే మళ్ల తేవాలె," అంది.

"యాడ తెస్తవ్? మనోళ్లందరు అమ్ముకుండ్రాయె. చెట్టు కింద రాలినయి తెల్లారకముందే ఏరుకపోయిండ్రు," అన్నారెవరో.

ఎండిన పూలు ఎవరింట్లో ఉంటాయో అందరికీ తెలుసు. ఊరి చివర సారా కాచే ఇంట్లో. ఆ గడప పెద్దమ్మ తొక్కి ఏళ్లయింది.

"ఆదివారం, గా ఇంటికా?" అన్నారు వెనక నుంచి.

"గొర్రె గుంతల పడ్డదాయె. ఏ దినమైనా తియ్యమన్నడు ప్రభువు. వారం చూస్తమా?" అంటూ ఆమె చెప్పులేసుకుంది.

వెంట నేనూ వెళ్లాను. పెద్దమ్మ ఎండిన ఇప్పపూలు కావాలని అడిగింది. వాకిట్లో ఉన్న ఇంటావిడ కళ్లు పెద్దవి చేసి, "ఏంది పెద్దమ్మా, నువ్వు గూడ కాసుడు మొదలుపెట్టినవా?" అంది.

"అవ్, పెట్టిన. జల్దీ పొయ్యి," అంటూ పెద్దమ్మ కొంగు పట్టింది.

పూల మూట చేత్తో పట్టుకుని నడివీధిలో నడిచి వచ్చింది. చూసినవాళ్లు నవ్వారు. ఆమె తల దించలేదు. అప్పటికే అమ్మ ఇంటి నుంచి నమూనా తెచ్చి పెట్టింది. మందిరం వరండాలో స్త్రీలందరూ కూర్చుని, పాటలు పాడుకుంటూ, జిగురుతో ఒక్కో పువ్వూ అంటించారు. పూలు ఎక్కువైన చోట, "ఇది మా చేన్ల చెట్టు," అని ఒకరంటే, "మీ చెట్టు గింత పూసిందెన్నడు?" అని ఇంకొకరు. నమూనా పూర్తయ్యాక దానిమీద చేతులుంచి ప్రార్థించారు. నా గుండెల మీది బరువు అప్పుడే సగం దిగింది.

సోమవారం రివ్యూ గదంతా ఇప్పపూల తియ్యటి వాసన. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు వంగి చూస్తూ, "ఈ రోడ్డు ఇక్కడ ఎందుకు..." అని మొదలుపెట్టి, చెట్టును చూసి ఆగిపోయారు. "ఓ, దీనికోసమా," అన్నారు. గైడ్ సారు నా వైపు చూసి తలాడించారు. పాసైంది. ఇలాంటి పనే పై చదువుకు ఎంచుకొమ్మని కూడా సారు అన్నారు. మెట్ల మీద కూర్చుని చాలాసేపు స్తోత్రం చెప్పుకుంటూ ఊపిరి పీల్చుకున్నాను.

పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"చెట్లు నిలబడ్డయా?"

"నిలబడ్డయి పెద్దమ్మా."

"స్తోత్రం. మిగిలిన పూలు వాళ్లకు తిరిగిచ్చిన. కూసోమన్నరు, చాయ్ తాగిన. నీ పట్నం చూస్తరట. వచ్చేటప్పుడు పట్టుకరా, వాళ్లింటికి పోదాం."