చచ్చిన కత్తి గీసిన గడ్డాలు

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. ఇరవై రెండేళ్లుగా కర్నూలులో నర్సుగా పనిచేస్తున్నాను. శవాల గది పక్కన కూర్చుని పెరుగన్నం తిన్నదాన్ని. వార్డులో ఏదో కదిలిందని ఎవరైనా వణికితే, ముందు కిటికీ గడియ వేయమంటాను. ఈ సంగతికి కూడా అలాంటి గడియ ఏదైనా దొరుకుతుందేమోనని చాలా వెతికాను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. ఒకప్పుడు ఊరి మంగలి మా పేట మనుషులకు గడ్డం గీసేవాడు కాదు. ఊరి కట్టుబాటు అది. మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న, మిషన్ ఆసుపత్రిలో తోటపని చేసేవాడు. అక్కడి దొర సొంత దేశానికి వెళ్లిపోతూ రెండు మడత కత్తులు, వాటిని లాగే తోలుపట్టీ ఆయనకు ఇచ్చిపోయాడు. జేజినాయన తన చెంపల మీదే నెత్తురు కార్చుకుంటూ పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత మా పేటలో ఏ పెళ్లికొడుకూ మాసిన గడ్డంతో చర్చి మెట్లు ఎక్కలేదు. ఆ మాట చెప్పుకోవడానికి నాకు ఎంత గర్వమో.

ఆయన పోయాక కత్తులు నాకు వచ్చాయి. అన్నలిద్దరూ మూతి ముడుచుకున్నారు. ఆపరేషన్లకు ముందు రోగులకు వెంట్రుకలు గీసే చేయి ఇంట్లో నాదొక్కదానిదే మరి. ఒక కత్తి నూరీ నూరీ అరిగిపోయింది. రెండోది పనికొచ్చేది. వారానికోసారి దాన్ని తోలుపట్టీ మీద లాగి, ఆముదం పూసి, గుడ్డలో చుట్టి పెట్టేదాన్ని. "కరెంటు మిషన్ సానకు మాత్రం ఇయ్యొద్దు పాపా" అని జేజినాయన పదిసార్లు చెప్పాడు.

ఇచ్చాను. పోయిన ఏడు దాని మీద తుప్పు చుక్కలు కనిపించాయి. ఆసుపత్రి బుద్ధి కదా, ప్రతిదీ తళతళలాడాలి. కరెంటు చక్రం మీద పట్టుమని అర నిమిషం కూడా కాలేదు, అంచు పొడవునా నీలం రంగు తిరిగింది.

కోడుమూరులో దర్జీల కత్తెరలు నూరే ఖాదర్ సాబ్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంచు మీద ఆకురాయితో గీశాడు. గట్టి ఉక్కు మీదైతే అది జారిపోవాలట. ఇక్కడ పొడి రాలింది.

"కాలిపోయి ఉక్కు సచ్చిందమ్మా. ఎంత నూరినా ఒక్క గడ్డానికి గూడా నిలబడదు" అన్నాడు.

బతిమాలితే రాయి మీద నూరి ఇచ్చాడు. ఇంటికొచ్చి నా ముంజేతి మీద గీసి చూసుకున్నాను. రెండు గీతలకే మొద్దుబారింది. ఎవరికీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పేది?

రెండు వారాలు తిరగకుండానే పల్లె నుంచి ఫోన్. కోత పండుగనాడు చర్చిలో దావీదు తాతకు శాలువా కప్పుతున్నారు. జేజినాయన గీసిన మొట్టమొదటి పెళ్లికొడుకు ఆయనే. ఇప్పుడు తొంభై దాటాయి. మూడు నెలల గడ్డంతో ఉన్నాడు. ఆ కత్తితో గీస్తేనే వస్తానని పట్టుబట్టాడు.

పండుగ పొద్దున చర్చి వసారాలో కుర్చీ వేశారు. నా సంచిలో కొత్త బ్లేడు రేజరు దాచుకున్నాను. తాతకు చూపు ఆనదు, నురగ పూశాక మార్చేస్తే తెలియదని నా ఎత్తు. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

"కత్తి తెచ్చినావా పాపా?" అని చేయి చాచాడు తాత. ఇచ్చాను. బొటనవేలితో అంచు తడిమి, "శానా బాగుండాది, కానియ్యి" అని తిరిగి ఇచ్చాడు.

చుట్టూ జనం. మొదటి గీత ఆ కత్తితోనే గీయక తప్పలేదు. కణత నుంచి దవడ దాకా ఒక్క లాగుకు శుభ్రంగా వచ్చింది. రెండో చెంప, గడ్డం, గొంతు. ఎక్కడా పట్టలేదు, ఒక్క గాటు పడలేదు. సంచిలో రేజరు ఉందన్న సంగతే మరిచిపోయాను.

తాత చెంప తడుముకుని నవ్వాడు. వెంటనే ఆయన వెనక అబ్రహాం నిలబడ్డాడు. పొలం పనులు చేసేవాడు, ఇనప తీగల గడ్డం.

"ఆడమనిషితో గీయించుకుంటావా ఏమప్పా?" అని ఎవరో ఎగతాళి చేశారు.

"ఆయమ్మతో సూదులు పొడిపించుకుంటాండాం, దీనికేం?" అన్నాడు అబ్రహాం.

తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. తాతతో కలిపి ఎనిమిది మంది. మనిషికీ మనిషికీ మధ్య స్పిరిట్‌తో తుడిచాను, అంతే. ఎందుకూ పనికిరాదని తోలుపట్టీ తీసుకుపోలేదు. ఎనిమిదో గడ్డం కూడా మొదటి గడ్డంలాగే తెగింది. గంట మోగింది. ఎనిమిది నున్నటి మొహాలు ఒకేసారి లోపలికి నడుస్తుంటే నేను వసారాలోనే నిలబడి సంతోషంతో ఏడ్చాను.

మర్నాడు ఖాదర్ సాబ్ మళ్లీ ఆకురాయి పెట్టాడు. మళ్లీ పొడే రాలింది. ఎనిమిది గడ్డాలు గీశానంటే నాకు జ్వరమేమో అన్నట్టు చూశాడు. వేన్నీళ్లకు వెంట్రుక మెత్తబడి ఉంటుందని మా డాక్టరుగారు అన్నారు. అబ్రహాం నీళ్లు కూడా సరిగా తడుపుకోలేదు.

మనసు ఊరుకోక దావీదు తాత దగ్గరికి పోయి నిజం ఒప్పుకున్నాను.

"నాకు తెలుసులే. చేతికి తీసుకున్నప్పుడే మొద్దని తెలిసింది" అన్నాడు.

"మరి మొహం ఎట్లా ఇచ్చినావు తాతా?"

"నా పెండ్లి పొద్దు మీ జేజినాయనకు మాత్రం సరిగ్గా గీసేది వచ్చునా ఏం?"

ఆ కత్తి ఎలా తెగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఈ ఏడు కోత పండుగకు పదకొండు మంది ముందే చెప్పిపెట్టారు. కత్తి చచ్చిపోయిందని, చంపింది నేనేనని అందరికీ విడమరచి చెప్పాను. ఒక్కరూ వెనక్కి తగ్గలేదు.