ఆవులశాల కొలత

పదిహేనేళ్లుగా పాత ఇళ్లు కొలిచి ప్లాన్లు గీస్తున్నాను. తాళాలు వేసిన గదుల్లో గబ్బిలాలు తప్ప మరేమీ చూడలేదు. ఎవరైనా దయ్యం అంటే నవ్వేసేవాణ్ణి.

నిరుడు వానాకాలంలో సింహాచలం కొండ వెనక ఒక పాత తోట బంగ్లా పని వచ్చింది. ఎప్పుడో ఒక జమీందారు వేసవిలో ఉండడానికి కట్టించుకున్నది. చుట్టూ మామిడి, పనస. వెనక పొడవాటి ఆవులశాల. ఇప్పటి ఓనర్లు దాన్ని రిసార్టు చేస్తారట. శాల వెనక ఖాళీ జాగాలో ఈత కొలను.

టేపు పట్టడానికి కంచరపాలెం నుంచి మా బావ అప్పలరాజు వచ్చాడు. ఎందుకో పొద్దుటి నుంచీ నాకు కుదురుగా లేదు. రాసిన అంకెలే కొట్టేసి మళ్లీ రాస్తున్నాను.

మధ్యాహ్నం శాల దగ్గరకు వచ్చాం. బయట నుంచి అంచనా వేస్తే పొడవు నలభై అడుగులకు మించలేదు. బావ టేపు కొస పట్టుకుని లోపలికి వెళ్లాడు. వెనక గుమ్మాన్ని తీగలు మూసేయడంతో లోపలంతా చీకటి. అవతలి చివర కనిపించలేదు.

"పట్టుకున్నావేటి బావా?" అని అరిచాను.

"ఆఁ" అని వినిపించింది.

టేపు లాగాను. అటు నుంచి కూడా ఎవరో లాగి పట్టారు. అరవై ఒక్క అడుగులు. తప్పు చదివానేమోనని మళ్లీ చూశాను. అంతే ఉంది.

"ఎవుల్తో మాటాడతన్నావ్?"

బావ నా వెనక నిలబడి ఉన్నాడు, తడి చేతులు తుడుచుకుంటూ. "నాను కొసని ఎనక గోడ మేకుకి తగిలించి, నీల్లు తాగడానికి పక్క గుమ్మంలోంచి ఎల్లేను గదా!"

టేపు ఇంకా నా చేతిలో బిగుతుగానే ఉంది. మేమిద్దరం చూస్తుండగానే వదులైంది.

లోపలికి వెళ్లాం. మేకుకి ఏమీ లేదు. టేపు వెనక గుమ్మంలోంచి, తీగల కింద నుంచి బయటికి పోయింది. ఇరవై అడుగుల అవతల గడ్డిలో దాని కొస ఒక రాతి మీద ఉంది. గడ్డి పీకి చూస్తే ఆ రాయి పాత పునాది మూల.

కాపలా ఉండే నూకాలమ్మను పిలిచి చూపించాను. ఆమె వంగి ఆ రాతిని చేత్తో తడిమింది.

"అప్పుడు సాల అక్కడిదాకా ఉండీది బాబూ. గాలివానకి కూలిపోనాది. మా మావ ఆవుల కట్లు ఇప్పడానికి లోపటికెల్లేడు. ఆవులొచ్చీసినాయి. ఆయన రానేదు."

ఆ తర్వాత బావ టేపు ముట్టుకోలేదు. మిగతా కొలతలు మర్నాడు వేరే మనిషితో తీశాను. ఇప్పటికీ ఎక్కడ కొలిచినా, అటు చివర మనిషి కనిపిస్తేగానీ టేపు లాగను.

పునాది సంగతీ, అక్కడ మనిషి పోయిన సంగతీ ఓనర్లకు చెప్పాను. కొలనును తోట అవతలికి మార్చారు. అంత గడ్డిలో పునాది ఎలా కనిపించిందని అడిగారు. కొలుస్తుంటే తెలిసిందన్నాను.

అది అబద్ధం కాదు. కానీ కొలవడానికి ఇద్దరు కావాలి. ఆ రెండో మనిషి ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను.