వెనక సీటు

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మా హైటెక్ సిటీ ఆఫీసు వాళ్ళం కోనసీమకు వెళ్ళి, అలల్లేని గోదావరి పాయల్లో ఒకరోజంతా కయాక్‌లు నడిపాం. ఒక్కో కయాక్‌లో ఇద్దరు. వెనక కూర్చున్నవాళ్ళే దారి తిప్పాలి. నేను వెనక ఎక్కబోతే, కోనసీమలో పుట్టి కూకట్‌పల్లిలో ఇల్లు కట్టుకున్న మా శ్రీధర్ అడ్డొచ్చాడు.

“నువ్వు ముందు కూర్చో. ఇది మా గోదావరి. నీకేం తెలుస్తుంది?”

నాకు ఒళ్ళు మండిపోయింది. మొన్నటిదాకా క్యాంటీన్‌లో “హైదరాబాద్ అందరిదీ” అని నాతో వాదించింది ఇతనే.

“హైదరాబాదేమో అందరిది, గోదావరి మాత్రం నీ ఒక్కనిదా? గిదేం లెక్క?” అని గట్టిగానే అరిచాను.

పడవలు చూసుకునే పెద్దాయన దగ్గరికొచ్చి అడిగాడు. “తమరిది ఏ ఊరండి?”

“ధర్మపురి. మాదీ గోదావరి ఒడ్డే.”

ఆయన తెడ్డు తెచ్చి నా చేతికిచ్చాడు. “అయితే ఎనక మీరెక్కండి. తమరు తానాలు చేశాకే కదండీ ఈ నీళ్ళు మాకాడికొచ్చేది!”

శ్రీధర్ మూతి ముడుచుకుని ముందు కూర్చున్నాడు. తిరిగి ఒడ్డుకు చేరేదాకా తెడ్డు ముట్టలేదు. నది తనదట. పడవ మాత్రం నేనే లాగాలి.