మళ్ళీ మంచినీళ్ళు పడిన బావి

ఓ దీవి ఒడ్డున ఉన్న పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికే గదికి నురగక్కే పెద్దదిక్కు. మోచేతులదాకా ఎప్పుడూ సబ్బు నురగే, అందుకే ఆ పేరు. నోరు పెద్దది. కోపం మాత్రం పాలపొంగులా వచ్చి అంతలోనే చల్లారిపోయేది.

ఓ వేసవిలో, హోటల్ వెనకే ఉన్న ఆవిడ వీధిలోని బావి ఉప్పెక్కింది. పొద్దున్నే అత్తగారు టీ గుక్క నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేసింది.

"చక్కెర అనుకుని ఉప్పు వేశావా ఏంటే?"

"నేను వెయ్యలేదత్తయ్యా, బావే వేసింది."

కారణం వీధిలో అందరికీ తెలుసు. పర్యాటకులు పెరిగేకొద్దీ హోటల్ బోరు ఆగకుండా తోడేస్తోంది. అడుగున మంచినీళ్ళు తగ్గిన చోటికల్లా సముద్రం చొరబడుతోంది. తోడిన నీళ్ళలో చాలా భాగం పోయేది నురగక్క మిషన్లలోకే. ఆ సంగతి ఆవిణ్ణి నిలవనివ్వలేదు. నేరుగా మేనేజరు గదికి వెళ్ళింది.

"సార్, రోజూ దుప్పట్లు మార్చడం మానేద్దాం."

"అతిథులు ఊరుకోరమ్మా."

"అడిగి చూశారా?"

మేనేజరు నవ్వాడు. "అంత ధైర్యముంటే నువ్వే అడుగు."

మర్నాడు ఫలహారాల వేళ తడిసిన ఏప్రన్‌తోనే భోజనాల హాల్లోకి నడిచింది. చేతిలో బావినీళ్ళ చెంబు. గొంతు ఖంగుమంది.

"ఇవి మా వీధి నీళ్ళు. ఒక్క గుక్క రుచి చూడండి!"

కిటికీ దగ్గరి పెద్దావిడ గ్లాసు చాపి, చప్పరించి, మొహం చిట్లించింది. దుప్పట్ల విషయం నురగక్క చెప్పగానే మూల నుంచి ఒకాయన గొణిగాడు: "సెలవులకి వస్తే ఇదేం గోల?"

పెద్దావిడ ఆయన వైపు తిరిగింది. "ఇంట్లో రోజూ దుప్పటి మారుస్తావా నాయనా?"

హాలంతా గొల్లుమంది. ఆయనకీ నవ్వాగలేదు. ఆ రోజు నుంచి అడిగినవాళ్ళకే దుప్పట్లు మార్చారు.

అయితే ఉతుకుడు గదిలో తోటివాళ్ళు మొహాలు మాడ్చుకున్నారు. "మిషన్లు ఆగితే మా పొట్ట కొట్టినట్టు కాదా అక్కా?" ఆ మాట ఆవిడకు తట్టనేలేదు. ఆ పూట అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చునే ఆలోచించి, మళ్ళీ మేనేజరు తలుపు తట్టింది.

"హోటల్ డాబా మీద పడే వానంతా సముద్రం పాలవుతోంది సార్. మావాళ్ళకి ఆ పని ఇవ్వండి. ఆ నీళ్ళు నేలలోకి దింపుతాం."

అప్పటికే బోరు నీళ్ళూ ఉప్పెక్కుతున్నాయని చప్పరించి తెలుసుకున్న మేనేజరు ఈసారి నవ్వలేదు. గొట్టాలు తెప్పించాడు. ఉతికే ఆడవాళ్ళంతా బావి పక్కన గొయ్యి తవ్వి, గులకరాళ్ళూ ఇసుకా నింపి, డాబా గొట్టాలు అందులోకి కలిపారు. తొలివాన పడ్డ మధ్యాహ్నం పనులన్నీ వదిలేసి గొయ్యి చుట్టూ చేరారు. గొట్టంలోంచి నీళ్ళు గుబగుబమని దూకాయి. అందరూ తడిసి ముద్దయ్యారు, ఒక్కరూ లోపలికి కదల్లేదు.

వానాకాలమంతా నేల తాగింది. మరుసటి వేసవిలో బావినీళ్ళు ముందుగా అత్తగారికే ఇచ్చారు. ఆవిడ తాగి, ఇంకాస్త పొయ్యమని చెయ్యి చాపింది. వీధి వీధంతా కేకలు పెట్టింది.

ఆ వారమే పక్క హోటళ్ళవాళ్ళు చూడ్డానికి వచ్చారు. మిట్టమధ్యాహ్నం ఎండలో నురగక్క వాళ్ళని డాబా ఎక్కించి, ఒక్కో గొట్టం చూపిస్తూ వివరించింది. మేనేజరు వెనకాలే నడుస్తూ ఆవిడకు గొడుగు పట్టాడు.