టీ తాగొచ్చేలోపు మాయమైన ప్రూఫ్

సమస్త గణిత లోకానికి నా సాష్టాంగ క్షమాపణలు. తప్పంతా నాదే, టీకి వెళ్లాను.

గోపన్‌పల్లి దగ్గరున్న మా ఇన్‌స్టిట్యూట్‌లో ఈ రోజు టోపాలజీ కోర్సు ఆఖరి క్లాసు. మేడమ్ మూడు బోర్డుల నిండా ప్రూఫ్ రాసి, ముగింపు మాత్రం టీ తర్వాత అన్నారు. తిరిగొచ్చేసరికి బోర్డులు నున్నగా ఉన్నాయి. మూలన రాసిన "తుడవద్దు"తో సహా!

"ఏంది సార్, గిట్ల తుడిచేసిన్రు?" అని అడిగాను.

"గెస్టులతోని ఫోటో ఉంది తమ్మీ," అన్నాడు ఆఫీసు మేనేజర్. "మేడమ్‌కు అంతా యాదుంటది గదా, మళ్ల రాస్తరు తియ్యి."

గెస్టులు కదిలేసరికి మేడమ్ ఫ్లైట్ టైమైంది. ముగింపు ఆమెతోనే వెళ్లిపోయింది.

పైగా ఫోటోకి ఖాళీ బోర్డు బాగుండదని, ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ ఫార్ములా ఆయనే స్వయంగా రాశాడు. ఆ ఫోటో లాబీలో పెడతారట. మీరైతే ఏం చేసేవారో చెప్పండి.

ఆయన మూడు బోర్డులు తుడిచాడు. నేను ఫోటోకి ముందు టూ ఏబీ ఒక్కటే తుడిచాను.